పావురాల గూట్లో డ్రోన్

డ్రోన్ అంటే ఏమిటో పోయిన వారం దాకా స్వీటీకి బ్రహ్మాండంగా తెలుసు. పెళ్లిళ్లలో జుయ్యిమంటూ నెత్తిమీద తిరిగి, భోజనాల దగ్గర అందరి ఎంగిలి మూతులనూ వీడియో తీసే యంత్రం. అంతే. శివయ్య సార్ పుణ్యమా అని దాని గురించి చదవడం మొదలుపెట్టింది. చదివినకొద్దీ ఉన్న తెలివి కాస్తా ఊడ్చుకుపోయింది.

శివయ్య సార్ ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతారు. సోమవారం ప్రార్థన అయ్యాక బడి మొత్తం ముందు నిలబడి స్వీటీ డ్రోన్ల మీద మాట్లాడాలి. వాటి చరిత్ర చెప్పాలి, ఉపయోగాలు చెప్పాలి, చివరికి డ్రోన్ అంటే ఏమిటో ఒక్క వాక్యంలో తేల్చి దిగిపోవాలి. అదీ ఆయన షరతు. మిగతాదంతా కంఠతా వచ్చింది గానీ ఆ చివరి వాక్యమే రావడం లేదు.

వచ్చేది ఎట్లా? మనిషి లేకుండా ఎగిరినవాటిలో మొదటిది ఏదని వెతికితే, వెనిస్ అనే ఊరి మీదికి బాంబులు కట్టి వదిలిన బెలూన్లు దొరికాయి. గాలి తిరిగేసరికి వాటిలో కొన్ని వదిలినవాళ్ల నెత్తిమీదికే వచ్చాయట. అవి డ్రోన్లేనని ఒక పుస్తకం, బెలూన్ డ్రోన్ ఎట్లా అవుతుందని ఇంకో పుస్తకం. తర్వాత ఇంగ్లండులో ఫిరంగులవాళ్లు గురి నేర్చుకోవడానికి రేడియోతో నడిచే చిన్న విమానం చేసి, దానికి రాణి ఈగ అని పేరు పెట్టారు. అందుకే అట్లాంటివాటికి మగ తేనెటీగ పేరు, డ్రోన్ అని, వచ్చిందంటారు. పాపం దాని పని ఎగరడం, దెబ్బలు తినడం. ఆ దెబ్బలు తినేదే పెద్దదై యుద్ధాల్లో దొంగచూపులు చూసింది, ఆపైన బాంబులు వేసింది. అయితే ఇది చెడ్డదన్నమాట అని స్వీటీ తేల్చుకుంది. పేజీ తిప్పితే జపాన్‌లో వరిపొలాలకు మందు కొడుతోంది. రువాండాలో ఆసుపత్రులకు రక్తం మోస్తోంది. ఎక్కడో ఎందుకు, మన వికారాబాద్ దగ్గరే మందుల పెట్టెలు మోసి చూపించింది, మూసీ మీద దోమల మందు చల్లింది, వరదల్లో చిక్కుకున్న మనుషుల్ని వెతికింది. అయితే మంచిదే. మళ్లీ పేజీ తిప్పితే మళ్లీ బాంబులు. గానుగెద్దు తిరిగినట్టు స్వీటీ బుర్ర అక్కడక్కడే తిరుగుతోంది.

దీనికి తోడు బాబూమియా తాత ఒకడు. వాళ్లది పక్కిల్లే. రెండు డాబాల మధ్య మోకాలెత్తు గోడ. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం కొడుకు చేతిలో పెట్టి, తాను పావురాలకు అంకితమైపోయిన మనిషి. స్వీటీ డాబా ఎక్కి మాటలు వల్లె వేస్తుంటే, గోడకు అవతల గింజలు చల్లుతూ ఒక్కో మాటకూ అడ్డు తగిలేవాడు.

"ఉత్తరాలు మొదలు ఎవలు మోసిండ్రు? కబూతర్. నీ డ్రోన్ నిన్న గాక మొన్న పుట్టింది బేటీ."

"జర్మనీల ఒకాయన పావురాలకు కెమెరాలు గట్టి ఫొటోలు దీసిండట తాతా. ఆయనది మందుల షాపు. అర్జెంటు మందులు గూడ పావురాలతోనే పంపేటోడట." ఆ మాట స్వీటీ నోరు జారి చెప్పింది. అంతే, తాత ఇక ఆగలేదు. గల్లీలో కనబడ్డవాడినల్లా ఆపి, "ఫొటో తీసుడు గూడ మా పిట్టలు నేర్పినయే" అని చెప్పుకున్నాడు.

తాతకు పావురాల విషయంలో కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. వాటిని ఉసూల్ అంటాడు. పరాయి పావురం నీ డాబా మీద దిగిందంటే అది నీది. సొంతదారు తన కాళ్లతో తాను రావాలి, నిశానీలు, అంటే పిట్ట గుర్తులు, చెప్పాలి, నోరు తెరిచి అడగాలి. అప్పుడు రెండు చేతులతో ఇచ్చేయాలి. అప్పటిదాకా రెక్కలకు దారం కట్టి ఉంచుకోవచ్చు గానీ, గింజలూ నీళ్లూ పెట్టకుండా ఉంచడం మహా పాపం. ఇంకో మాట కూడా గొప్పగా చెబుతాడు. పెంచినవాడి పిలుపు వినబడితే తప్ప బాగా మాలిమైన పిట్ట పరాయి డాబా మీద దిగదు. ఆయన పిలుపు గొంతు లోపలినుంచి సాగుతూ వచ్చేది. "ఆవ్... ఆవ్..."

ఆ పిలుపు వింటేనే స్వీటీ వాళ్ల నాయనమ్మ నాగమణమ్మ మొహం విచ్చుకునేది. ఆమెకు ఈమధ్య మతి నిలవడం లేదు. తిన్న అన్నం తినలేదంటుంది. స్వీటీని ఒక్కోసారి చనిపోయిన తన చెల్లెలి పేరు పెట్టి పిలుస్తుంది. కానీ పొద్దున్నే డాబా ఎక్కి పావురాలకు గింజలు వేయడం మాత్రం మరచిపోదు. చెయ్యి పట్టుకొని ఎక్కించడం స్వీటీ పని. ఇతరులు మేపితే పిట్టలు చెడిపోతాయని తాత గొణిగేవాడు, అయినా ఏనాడూ వద్దనలేదు. నాయనమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ తాత పిలుపును అచ్చం దించేది. ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు.

ఆ రోజు రెండో శనివారం, బడి లేదు. నాయనమ్మ పొద్దున్నే బియ్యం కొంగున కట్టుకొని వచ్చింది. "పా బిడ్డా, పిట్టలకు గింజలేద్దాం."

స్వీటీ ఆ దిక్కుమాలిన ఒక్క వాక్యంతో కుస్తీ పడుతోంది. "జెర్ర ఆగు నాయనమ్మా," అంది తలెత్తకుండానే. నాయనమ్మ కాసేపు ఆగి మళ్లీ అడిగింది. స్వీటీ మళ్లీ ఆగమంది. మూడోసారి అడగలేదేమిటా అని తలెత్తి చూస్తే పక్కన ఎవరూ లేరు, గేటు తెరిచి ఉంది.

గల్లీ ఈ చివరా లేదు, ఆ చివరా లేదు. అమ్మ ఏడుస్తూ మాదన్నపేట కూరగాయల మార్కెట్ దాకా పరుగెత్తింది. నాన్న డానియేలు ఆర్టీసీలో డ్రైవరు. డ్యూటీ ఇంకొకరికి అప్పగించి వచ్చాడు, పోలీస్ స్టేషన్‌లో చెప్పాడు, గల్లీ మనుషులను పోగుచేసి తలా ఒక దిక్కుకు పంపాడు. స్వీటీని మాత్రం కదలొద్దన్నాడు. "నాయనమ్మ తిరిగొస్తే ఇంట్ల ఒక్కలన్న ఉండాలె గద."

ఆయన ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండునని స్వీటీకి అనిపించింది. ఆగమన్నది తను కాబట్టి పోగొట్టిందీ తనే. నాయనమ్మకు ఏమన్నా అయితే, ఆ "జెర్ర ఆగు" అన్న మాటను జన్మంతా మోయాలి. కింద కూచోలేక డాబా ఎక్కింది, పైనుంచైనా కనబడుతుందేమోనని.

అవతలి డాబా మీద బాబూమియా తాత తన బాధలో తానున్నాడు. సుర్మా కాటుక పెట్టినట్టు కళ్లచుట్టూ నల్లటి చార ఉన్నందుకు సుర్మా అని పేరు పడ్డ తెల్ల పావురమూ దాని జోడూ పొద్దున ఎగిరి తిరిగి రాలేదట. "ఎవడో గుంజుకున్నడు. నా పిలుపు నా పిట్టలకు తప్ప తెల్వది, మరి ఎట్ల దిగినయ్ అక్కడ? ఏం సమజైతలేదు."

"నాయనమ్మ కనవడ్తలేదు తాతా," అంది స్వీటీ.

తాత చేతిలో గింజలు జారిపోయాయి. "నాగమణమ్మనా? యా అల్లా. నడువు, నేను గూడ..." అంటూ మెట్ల వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే నెత్తిమీద జుయ్యిమని మోత. డాబా మీదున్న పావురాలన్నీ ఒక్కసారి గుప్పున లేచి చెల్లాచెదురయ్యాయి.

డ్రోన్. ఇన్నాళ్లూ బొమ్మల్లో చూసిందే. అది ఇళ్లమీదుగా మెల్లగా వచ్చి, స్వీటీ వాళ్ల డాబా మీద ఆరేసిన బట్టల దగ్గర ఆగి, ఇంకా ఇంకా కిందికి దిగింది.

తాత కళ్లు ఎర్రబడ్డాయి. "ఇప్పుడు సమజైంది. మిషన్ తోని బెదిరించి నా పిట్టలను గుంజుకపోతున్నరు. పట్టు బేటీ, ఆ కర్ర పట్టు."

పావురాలను దొంగిలించడం డ్రోన్ ఉపయోగాల్లో ఒకటని స్వీటీ ఎక్కడా చదవలేదు. అయితే ఇన్ని చదివాక, అది చేయని పని ఉంటుందని కూడా అనిపించలేదు. నమ్మేసింది. పొడుగు వెదురుకు కట్టిన వల ఒకటి గోడకు ఆనించి ఉంది. ఇద్దరూ కలిసి ఎత్తి విసిరారు. డ్రోన్ వలలో గిరగిరా కొట్టుకొని, టపుక్కున ఏదో విరిగి, డాబా మీద పడింది.

తాత దాన్ని ఉసూల్ ప్రకారమే పట్టాడు. దారం తీసి రెక్కలు కట్టబోయి, నాలుగు కనిపించేసరికి ఒక్క క్షణం తికమకపడి, స్వీటీ దారం అవతలి కొస పట్టుకుంటే నాలుగూ కట్టాడు. ఖాళీగా ఉన్న సుర్మా గూట్లో పెట్టాడు. ముందర ఒక గిన్నెలో నీళ్లు పోశాడు.

"తాతా, అది నీళ్లు తాగదు."

"తాగకుంటె దాని మర్జీ. పెట్టుడు మన ఉసూల్."

మెట్లమీద దబదబ అడుగుల చప్పుడు. ముందు ప్రేమ్‌రాజ్, వెనక డానియేలు రొప్పుతూ వచ్చారు. ప్రేమ్‌రాజ్‌ది వెనక గల్లీయే, పెళ్లిళ్లకు వీడియో తీస్తాడు. "చాచా, ఇక్కడ నా డ్రోన్ పడ్డదా?"

"నిశానీ చెప్పు," అన్నాడు తాత చేతులు కట్టుకొని.

"నిశానీ ఏంది చాచా. ఎర్ర టేపు చుట్టి ఉంటది, మైసమ్మ బొమ్మ అతికిచ్చి ఉంటది. ఇయ్యరాదు జల్ది."

"నా పిట్టలెక్కడియి? మొదలు అది చెప్పు."

డానియేలు ముందుకు వచ్చాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది, అదే ఎక్కువ భయం పుట్టించింది. "చాచా. స్టేషనోళ్లను అడిగి, బతిమాలుకొని, అమ్మను ఎతకనీకె పంపినం దాన్ని."

తాత కట్టుకున్న చేతులు విప్పాడు. గూడు తలుపు తీసి పక్కకు నిలబడ్డాడు. ప్రేమ్‌రాజ్ ఒక్క చూపుతోనే తెలుసుకున్నాడు. ఒక రెక్క విరిగింది, ఇక అది ఎగరదు. "పసుపుపచ్చ చీర అని చెప్పింది గద వదిన. పైకెల్లి పసుపుపచ్చ చీర కనవడ్డది. అమ్మనే అనుకొని కిందికి దింపిన," అన్నాడు డానియేలుతో.

అందరూ తీగ వైపు చూశారు. నాయనమ్మ పసుపుపచ్చ చీర అక్కడ ఆరుతోంది. అది నిన్న కట్టుకున్నది.

"మరి ఇయ్యాల ఏ రంగు గట్టింది?" అన్నాడు డానియేలు స్వీటీని చూసి.

పొద్దున నాయనమ్మ పక్కనే నిలబడి రెండుసార్లు పిలిచింది. ఏ చీర కట్టుకుందో స్వీటీ చూడలేదు. ఎన్నడో ఎక్కడో ఎగిరిన బెలూన్లకు ఏం కట్టారో చెప్పగలదు, ఇంట్లో మనిషి ఒంటిమీది చీర రంగు చెప్పలేదు. తనకు ఏం తెలుసో, ఏం తెలియదో ఆ పిల్లకు ఒక్కటీ అర్థం కాలేదు.

డ్రోన్ తీసిన వీడియో ప్రేమ్‌రాజ్ ఫోన్‌లో చూశారు. డాబాలు, నీళ్ల ట్యాంకులు, ఆరేసిన మిరపకాయలు, చీమలంత మనుషులు. నాయనమ్మ ఎక్కడా లేదు. అంతలో తాత వేలు పెట్టి తెరను పొడిచాడు.

"ఆగు. వెన్కకు తీయ్. అగో, నా సుర్మా. అగో దాని జోడు." తెర అంచున రెండు తెల్ల చుక్కలు వెనక గల్లీలో కడుతూ ఆపేసిన బిల్డింగ్ చుట్టూ తిరిగి, దాని మీదికి దిగుతూ తెర దాటిపోయాయి. "అక్కడున్నడు దొంగ. నాలెక్క పిలిచి దింపిండు."

డానియేలుకు అప్పుడు ఓపిక తెగింది. "మా అమ్మ కనవడక మేం చస్తుంటే పిట్టల లొల్లి ఏంది చాచా? నీ పిట్టల తోనే ఇంత దాక వచ్చింది."

తాత తల దించుకున్నాడు. అంతలో ఫోన్ వచ్చింది. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద ఒక ముసలామె బస్సెక్కిందట, ఎవరో చూశారట. డానియేలు, ప్రేమ్‌రాజ్ డ్రోన్‌ను అక్కడే వదిలేసి పరుగెత్తారు.

డాబా మీద ఇద్దరే మిగిలారు. తాత చేతికర్ర అందుకొని మెట్లు దిగాడు. ఇల్లు వదిలి కదలొద్దని నాన్న చెప్పాడు. ఆ సంగతి స్వీటీకి గుర్తుంది. నాయనమ్మ కనబడని వేళ పిట్టల కోసం పోతున్న తాత మీద కోపంగానూ ఉంది. అయినా ఒక ముల్లు లోపల గుచ్చుతూనే ఉంది. పెంచినవాడి పిలుపు వింటే తప్ప దిగవు. అచ్చం తాతలాగా పిలిచే దొంగ ఎవరు? గేటుకు గొళ్లెం పెట్టి తాత వెనక పడింది. తాను పావురాల వెంట పోతోందా, నాయనమ్మ వెంట పోతోందా అని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది.

ఆ బిల్డింగ్‌కు గోడలు ఉన్నాయి, రంగు లేదు. మెట్లు ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. తాత రొప్పుతూ ఎక్కుతున్నాడు, కర్ర బిగించి, దొంగను ఏమేం తిట్టాలో సిద్ధం చేసుకుంటూ. పై మెట్టు దగ్గరికి వచ్చేసరికి వినిపించింది.

"ఆవ్... ఆవ్..."

తాత పిలుపే. గొంతు మాత్రం ఆయనది కాదు. తాత కర్ర దించేశాడు.

పైన పిట్టగోడ కూడా లేని డాబా మధ్యలో, సిమెంటు బస్తా మీద నాయనమ్మ కూచుని ఉంది. ఆకుపచ్చ చీర. సుర్మా, దాని జోడు ఆమె పాదాల దగ్గర బియ్యం ఏరుకు తింటున్నాయి. మనుషులు చాంద్రాయణగుట్ట దాకా పోయి దేవులాడుతున్నారు. ఈమె ఏవో మెట్లు కనబడితే తమ ఇంటి మెట్లే అనుకొని ఎక్కి, రోజూ చేసే పని చేసుకుంటూ ఇంటి వెనకే కూచుంది. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతకడమంటే ఇదే కాబోలు.

స్వీటీ ఉరకబోతే నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "మెల్లగ. పిట్టలు బెదురుతయ్."

తాత గొంతు సవరించుకున్నాడు. ఉసూల్ ఉసూలే. "నాగమణమ్మా, నా పిట్టలు నీ డాబా మీద దిగినయ్. ఒకదానికి కళ్ల చుట్టు నల్లగుంటది, ఇంకోదానికి తోక కొస నలుపు. ఇస్తవా?"

"నిశానీ కరెక్టే," అంది నాయనమ్మ తృప్తిగా. "తీస్కపో బాబూమియా." అంతటితో ఊరుకోలేదు. చుట్టూ చూసింది. ఇది తమ డాబా కాదని అప్పుడప్పుడే తెలుస్తున్నట్టుంది, మొహంలో ఏదో చెదిరింది. "నీ పిట్టలకోసం నువ్వొచ్చినవు. మరి నాకోసం ఎవ్వలు రారాయె. నేను ఎవ్వలదాన్నో."

"నాదానివి," అంది స్వీటీ. "నేనొచ్చిన గద నాయనమ్మా, నిన్ను అడగనీకె."

నాయనమ్మ ఆమె మొహంలోకి అపనమ్మకంగా చూసింది. "నిశానీ చెప్పు మరి."

స్వీటీ కళ్లు తుడుచుకుంది. "ఎడమ చేతికి తేలు పచ్చబొట్టు. దాని తోక సగమే ఉంటది, పొడిపించుకుంటుంటె నొప్పికి ఉరికొచ్చినవు. కుడి చెవి తూటు సాగి ఉంటది. చాయ్ సాసర్ల పోసుకొని తాగుతవు. నన్ను మీ చెల్లె పేరుతోని పిలుస్తవు." ఊపిరి పీల్చుకుంది. "ఆకుపచ్చ చీర."

నాయనమ్మ ఎడమ చెయ్యి తిప్పి తేలును చూసుకుంది. "కరెక్టే," అని లేచి, స్వీటీ చెయ్యి పట్టుకుంది.

ఇంటికి వచ్చాక కూడా నాయనమ్మ నేరుగా తాత డాబాకే ఎక్కింది, పిట్టలను గూట్లోకి పంపేదాకా దిగనంది. కబురు అందుకొని డానియేలు వచ్చాడు. తల్లిని చూసి ఆమె కాళ్ల దగ్గర మెట్టు మీద కూలబడ్డాడు. ప్రేమ్‌రాజ్ వెనకే నిలబడ్డాడు. నాయనమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. సుర్మా గూట్లో దారాలు చుట్టుకొని పడి ఉన్న నల్లటి వస్తువును వంగి చూస్తోంది.

"ఇదేందే?"

స్వీటీకి వెనిస్ బెలూన్లు గుర్తొచ్చాయి, రాణి ఈగ గుర్తొచ్చింది, వరిపొలాలు, బాంబులు, రక్తం సీసాలు వరసగా వచ్చి వెళ్లిపోయాయి. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"నిన్ను ఎతకనీకె వచ్చింది నాయనమ్మా," అంది.

నాయనమ్మ దాన్ని ఇంకాసేపు చూసింది. "మరి దాని రెక్కలు ఎవలు గట్టిండ్రు?"

బాబూమియా తాత వచ్చి గూటి ముందు చతికిలబడ్డాడు, ఒక్కో ముడీ విప్పడం మొదలుపెట్టాడు. పక్కన స్వీటీ కూడా కూచుంది. కట్టేటప్పుడు దారం అవతలి కొస పట్టుకున్నది తనే కదా. నాయనమ్మ కొంగు విదిలించి, మిగిలిన నాలుగు గింజలూ డ్రోన్ ముందు పోసింది.

"ఆకలిగొని ఉంటది," అంది. "ఎంత దూరం తిరిగిందో నాకోసం."